కప్పు చేతికి రాకముందే పాటేంది?

నిన్న సాయంత్రం అనంతపురంలో లోకల్ ఫుట్‌బాల్ టోర్నీ ఫైనల్. హాఫ్ టైమ్‌కు 2-0తో మనమే ముందు. చివరికి 3-2తో అవతలోళ్లు కప్పు ఎత్తుకుపోయారు. ఓడినందుకు కాదు నా మంట. ఆటన్నాక ఓటమి ఉంటుంది. హాఫ్ టైమ్‌లోనే మనోళ్లు "ఛాంపియన్లం మేమే" అని పాట ఎత్తుకున్నారు, దానికి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ పాట ముందే రాసి, ట్యూన్ కట్టి, డప్పులోళ్లకు అడ్వాన్స్ ఇచ్చి మరీ తెచ్చారు. "ఇంకా సగం ఆట ఉంది, ఆపండ్రా" అంటే ఒకడు నా భుజం తట్టి "యాడికి పోతుందిలే అన్నా కప్పు" అన్నాడు.

వాళ్ల మొదటి గోల్ ఎట్లా పడిందో ఎంతమంది చూశారు? బంతి పక్క లైన్ దాటి బయటికి పోయింది. కుడి పక్క కాపు కాయాల్సిన మన రైట్ బ్యాక్ జనం వైపు తిరిగి, చేతులు రెండూ పైకెత్తి డప్పుకు తగ్గట్టు ఊపుతున్నాడు. వాళ్ల పిల్లోడు గబుక్కున త్రో వేసేశాడు. వింగర్ వీడి వీపు వెనక నుంచి దూరిపోయాడు. వెనక్కి రమ్మని కోచ్ గొంతు చించుకుంటున్నాడు, డప్పుల మోతలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు. ఆ పిల్లోణ్ని నేనేమీ అనను. కప్పు వచ్చేసిందని వాడికి చెప్పింది మనమే.

పాటకూ ఓటమికీ సంబంధం ఏంటని రాత్రి గ్రూపులో ఒకాయన వాదన. 1950 వరల్డ్ కప్ గురించి చదవండి సార్. చివరి మ్యాచ్ బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో, ఉరుగ్వేతో. బ్రెజిల్‌కు డ్రా చాలు. అంతకుముందే స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో చితక్కొట్టారు. గెలుపు పాట ముందే కట్టి పెట్టుకున్నారు. ఒక పేపరైతే మ్యాచ్ మొదలవక ముందే జట్టు ఫొటో వేసి వీళ్లే ప్రపంచ విజేతలని అచ్చేసింది. ఉరుగ్వే వాళ్లకు అంతకంటే ఏం కావాలి? బ్రెజిల్ ఒక గోల్ కొట్టాక కూడా వాళ్లు తల వంచలేదు. 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు ఘిగ్గియా వాళ్ల రెండో గోల్ కొట్టాడు. 2-1. మనం పాడేది అవతలోళ్లకు కూడా వినపడుతుంది, అది మరిచిపోతున్నారు.

నేను ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ మనిషిని, ఈ బాధ నాకు కొత్త కాదు. 2022-23లో 248 రోజులు టేబుల్ టాప్‌లో ఉన్నాం. ఏప్రిల్‌లో లివర్‌పూల్ మీద 2-0తో, వెస్ట్ హామ్ మీద 2-0తో ముందుండి కూడా రెండూ 2-2 అయ్యాయి. అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో మన సొంత గ్రౌండ్‌లో 3-3. లీగ్ మాంచెస్టర్ సిటీకి పోయింది. అప్పట్నుంచి ఆఖరి విజిల్ పడేదాకా నేను నోరు తెరవను.

ఇంకొకడు ఐపీఎల్ జట్టు ఆర్సీబీని తెచ్చాడు. "ఈ సల కప్ నమ్దే (ఈసారి కప్పు మనదే) అని ఏళ్లకేళ్లు పాడి 2025లో గెలవలేదా?" అని. బెంగళూరు దగ్గర కాబట్టి మన ఊళ్లో సగం మంది ఆ జట్టే, ఈ మాట వస్తుందని తెలుసు. వాళ్లు గెలిచింది 18వ సీజన్‌లో తమ్ముడూ. ఫైనల్లో కృనాల్ పాండ్యా 4 ఓవర్లలో 17 పరుగులే ఇచ్చి 2 వికెట్లు తీశాడు, అందుకు వచ్చింది కప్పు. ఆ మాట పాడినన్నాళ్లూ జనం వాళ్లను ఎంత ఎగతాళి చేశారో నీకూ తెలుసు.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. ఫాదర్ ఫెర్రర్, ఆయన పెట్టిన సేవా సంస్థ ఆర్డీటీ పుణ్యాన ఈ కరువు జిల్లాలో పల్లె పిల్లలు కూడా బూట్లేసుకుని ఫుట్‌బాల్ ఆడుతున్నారు. పొద్దున్నే ప్రాక్టీస్‌కు రమ్మంటే, కోన్లు పట్టుకోమంటే, నిన్న పాడినోళ్లలో ఒక్కడు రాడు. మన కీపర్ గ్లవ్స్ చూశారా? అరచేతి దగ్గర స్పాంజి లేచిపోయింది. ప్లాస్టర్ చుట్టుకుని ఆడాడు. మూడో గోల్ వాడి చేతికి తగిలే లోపలికి జారింది. కొత్త జత కొందామని పోయిన నెల గ్రూపులో అడిగాను. అందరూ చూశారు, ఒక్కరూ పలకలేదు. డప్పులకు చందా అనగానే మాత్రం ఫోన్‌పేలు టకటకా పడ్డాయి.

ఆ చందాలో మిగిలిన డబ్బు ఎవరి దగ్గరుందో ఈ రాత్రికే గ్రూపులో చెప్పండి. సరిపోకపోతే మిగతాది నేను వేస్తాను. ఆదివారం మ్యాచ్‌కు వాడి చేతికి కొత్త గ్లవ్స్ ఉండాలి.