సున్నం వేయవచ్చు, సువార్త చెప్పరాదు

విదేశీ సేవాబృందాలను ఆహ్వానించదలచిన క్రైస్తవ సంఘాలకు దారి చూపుదామన్న సదుద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. భీమవరం పక్కన ఉన్న మా ఊరికి అమెరికా చర్చి ఒకటి పంపిన పదమూడు మంది బృందానికి వీసా, వసతి వ్యవహారాలు చూసిన అనుభవం నాది. పదమూడు అన్నాను గానీ వచ్చింది పదకొండు మందే. మిగతా ఇద్దరు రాలేకపోవడంలో మా సంఘం కృషి కొంత ఉంది. అది తర్వాత చెబుతాను.

తేదీలు వాళ్లే నిర్ణయించారు. జనవరి రెండో వారం. ఆ వారంలో భీమవరంలో ఏమి జరుగుతుందో లోకానికంతా తెలుసు, ఒక్క ఆ చర్చికి తప్ప. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, ఆ మాటకొస్తే అమెరికా నుంచి కూడా మనవాళ్లు నెలల ముందే లాడ్జీలు పట్టేసుకుంటారు. కోడిపందేలు చట్టరీత్యా నిషిద్ధం కనుక వాళ్లందరూ సోమారామంలో స్వామి దర్శనానికి వచ్చారనే మనం భావించాలి. ఈ ఇబ్బంది వివరిస్తూ, పండగకు ఊళ్లన్నీ కోళ్ల మీదే ఉంటాయని ఉత్తరం రాశాను. దాన్ని వాళ్లు గ్రామీణాభివృద్ధిగా అర్థం చేసుకుని, కోళ్ల పెంపకంలో అనుభవమున్న ఒకాయనను బృందంలో అదనంగా చేర్చారు.

ఇక వీసా. మన ఈ-వీసా ఫారంలో తల్లిదండ్రుల పేర్లు, మతం, చదువు అన్నీ అడుగుతారు. తల్లిదండ్రుల్లో, తాతల్లో పాకిస్తాన్ వాళ్లున్నారా అని అడుగుతారు. పైకి కనబడే గుర్తింపు చిహ్నాలు కూడా అడుగుతారు. పదో తరగతి సర్టిఫికెట్ ఉన్న తెలుగువాడెవరూ ఈ చివరి ప్రశ్నకు తడుముకోరు. కుడిచేతి మీద ఒక పుట్టుమచ్చ, మెడ మీద ఒక పుట్టుమచ్చ, అంతే. బడిలో పిల్లలను వరసగా నిలబెట్టి ముప్పై ఏళ్లు మచ్చలు వెతికినవాణ్ణి, దొరకనివాళ్లకు ప్రసాదించినవాణ్ణి కూడా. పాపం, వాళ్లకు ఆ సంప్రదాయం లేదు. ఒకాయన తన మోకాలి ఆపరేషను చరిత్ర రాశారు. ఒకావిడ 'చిరునవ్వు' అని రాశారట.

ఈ అవస్థ చూడలేక మా యువజన సంఘం కార్యదర్శి, కంప్యూటర్ చదివిన కుర్రవాడు, ఇద్దరి ఫారాలు తానే నింపి పెడతానన్నాడు. నింపాడు కూడా, మన పద్ధతిలో. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఆ లెక్కన వాళ్ల పేర్లు ఇంటిపేర్లయ్యాయి, ఇంటిపేర్లు పేర్లయ్యాయి. పాస్‌పోర్టులో ఒక మనిషి, వీసాలో ఇంకో మనిషి. విమానాశ్రయం కౌంటర్లో ఆపేశారు. కట్టిన రుసుము తిరిగి రాదు. ఆ ఇద్దరూ మా కోసం ఇంటి నుంచే ప్రార్థిస్తున్నామని కబురు పంపారు. మా సంఘానికి అందిన సేవల్లో ఏ ఖర్చూ లేనిది అదొక్కటే.

వచ్చినవాళ్ల వీసాలోనూ ఒక మెలిక ఉంది. పర్యాటక ఈ-వీసా మీద జీతభత్యాలు లేకుండా నెల రోజుల వరకు స్వచ్ఛందంగా పనిచేయవచ్చు. మతప్రచారం మాత్రం కుదరదు, మిషనరీలకు వేరే వీసా ఉంది. అంటే మా బడి గోడకు సున్నం వేయవచ్చు, సువార్త చెప్పరాదు. ఈ సంగతి చదివి వినిపిస్తే మా చర్చి అయ్యగారి ముఖం వాడిపోయింది. అప్పటికే మూడు రాత్రుల కూడికలకు ఫ్లెక్సీ కట్టించారు. 'అమెరికా దైవజనులు' అన్నచోట కాగితం అంటించి 'అమెరికా అతిథులు' అని దిద్దించాం. పండగ గాలికి ఆ కాగితం రెండుసార్లు ఊడింది.

చరిత్ర తెలిసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. 1793లో మిషనరీ విలియం కేరీ ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండానే డెన్మార్క్ ఓడలో బెంగాల్ చేరాడు. చివరికి 1800లో డేన్‌ల ఏలుబడిలోని శ్రీరాంపూర్‌లో తలదాచుకున్నాడు. 1813 చార్టర్ చట్టం మిషనరీలకు తలుపు కాస్త తెరిచింది, 1833 చట్టం లైసెన్సు బెడదను దాదాపు తీసేసింది. మా పక్కనున్న నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్ పెట్టిన బౌడెన్, బీర్‌లు 1836లో బయలుదేరి వచ్చారు. మూడేళ్లు ఆలస్యంగా రావడమే వాళ్ల తెలివి. గుంటూరు వెళ్లిన ఫాదర్ హయ్యర్ 1841 అక్టోబరులో బోస్టన్‌లో ఓడెక్కి, మరుసటి ఏడు జులై ఆఖరికి గుంటూరు చేరాడు. అక్కడ కలెక్టరు స్టోక్స్ ఆదరించి చోటు చూపించాడు. ఆ రోజుల్లో కలెక్టరు ఉన్నాడు, కోడిపందేల లాడ్జి మేనేజరు లేడు.

మేనేజరుతో నా సంభాషణ చరిత్రకు ఉపయోగపడుతుందని యథాతథంగా ఇస్తున్నాను.

"గదులున్నాయా బాబూ?"

"ఉన్నాయండి మాస్టారూ. ఫిబ్రవరిలో."

భోగి మధ్యాహ్నానికే ఉన్నదంతా పోగొట్టుకున్న ఒక పెద్దమనిషి మూడు గదులు ఖాళీ చేయడంతో దేవుడు దారి తెరిచాడు. సామాన్లు దింపాం. పాస్‌పోర్టులు చూడగానే మేనేజరు చేతులు జోడించాడు.

"విదేశీయులా? అయితే వద్దండి మాస్టారూ. ఇరవై నాలుగు గంటల్లో వీళ్ల బస వివరాలతో సర్కారుకు ఫారం-సి ఎక్కించాలి, లేకపోతే మా మీదికి వస్తుంది."

"ఎక్కించు మరి."

"దాని పాస్‌వర్డు మా బావమరిదికి తెలుసండి. వాడు బరి దగ్గర ఉన్నాడు."

"ఫోను చేయరాదా?"

"పందెం నడుస్తుండగా ఫోను ఎత్తడం అపశకునమండి."

పందెం మర్నాడు కూడా నడిచింది.

పదకొండు మందిని ఐదు ఇళ్లకు పంచాం. ఫారం-సి లాడ్జీలకే కాదు, విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకున్న ప్రతివారికీ వర్తిస్తుందని అప్పుడు తెలిసింది. అరవై ఎనిమిదో ఏట నేను లాడ్జి యజమానినయ్యాను. వసతిగృహం పేరు అన్నచోట మా ఆవిడ పేరు రాశాను, మా ఇంట్లో వసతి మంజూరు చేసే అధికారం ఆవిడదే కనుక. బృందంలోని నర్సమ్మను వీధి చివరి నాయనమ్మగారి ఇంట్లో పెట్టాం. ఆవిడ ఉన్న ఒక్క మంచం అతిథికి ఇచ్చి తాను చాప పరుచుకుంది. అది చూసి సిగ్గుపడి నర్సమ్మా కిందే పడుకుంది. నాలుగు రాత్రులూ ఇద్దరూ నేల మీదే, మంచం మీద పిల్లి.

సున్నం మాటా చెప్పాలి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ముక్కనుమకు అతిథులు అరిసెలు, సున్నుండలు అరిగించుకునే పనిలో ఉన్నారు. ఆ మర్నాడు సగం గోడ వేశారు. మిగతా సగంతో పాటు ఆ సగాన్ని కూడా మా ఊరి రంగుల మేస్త్రి తర్వాత వేశాడు. బృందంలో పూర్తిగా ప్రయోజకుడైంది కోళ్ల నిపుణుడొక్కడే. బాదంపప్పు తినే కోడిని ఆయన జన్మలో మొదటిసారి చూశాడట. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కార్లు వచ్చి ఆయనను సలహాకు తీసుకుపోయాయి. పర్యాటక వీసాకు ఇది విరుద్ధమో కాదో నేను ఎవరినీ అడగలేదు.

అన్నీ ఆలోచించి సంఘం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. ఇకపై కార్యక్రమంలోంచి గోడ తీసేద్దాం. వీసా, వసతి మాత్రం ఉంచుదాం. పది రోజుల్లో వాళ్లను మాతో కలిపినవి ఆ రెండే. గోడ దగ్గర వాళ్లు దాతలు, మేము గ్రహీతలు. లాడ్జి మెట్ల మీద సామాన్ల పక్కన కూర్చున్నప్పుడు మాత్రం అందరమూ మేనేజరు దయాభిక్ష కోసం చూసినవాళ్లమే. పెద్దలు ఆలోచిస్తామన్నారు. ఏడాదికోసారి సున్నం ఊరికే వస్తుంటే ఎవరు కాదంటారు?

ఇంతలో వాళ్ల నుంచి ఆహ్వానం వచ్చింది. ఈసారి మన సంఘం నుంచి నలుగురు అక్కడికి రావాలట. యువజన కార్యదర్శి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పోయినసారి పాఠంతో ఇంటిపేరు దగ్గర మహా జాగ్రత్తగా ఉన్నాడు. అయితే అయ్యగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. అలాంటప్పుడు ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలోకి తోసి, పేరు గడిలో 'ఎఫ్.ఎన్.యు.' అని రాయాలట, అంటే పేరు తెలియదని.

ముప్పై ఏళ్లుగా ఊరందరి పిల్లలకూ పేర్లు పెట్టిన అయ్యగారు ఆ గడి వైపు చాలాసేపు చూశారు.

"పుట్టుమచ్చలు అడగలేదా బాబూ?" అన్నారు చివరికి. "నాకు రెండున్నాయి."