పైపుకు కొబ్బరినూనె రాయమన్న ఆ మెసేజ్ గురించి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో బావ పెట్టాడు. కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు పెట్టారు. సుబేదారిలో పొద్దున నాతో వాకింగ్ చేసే సార్ ఒకరు వాయిస్ నోట్ జత చేసి మరీ పంపారు. ఐదోసారి చిన్నమ్మ ఫోన్. ఆమెకు మనవడు చదివి వినిపించాడట. "బిడ్డా, మీ చిన్నాయనకు పెట్టిన మూత్రం పైపు, కొబ్బరినూనె రాసి లాగితే అదే వస్తదట గదా. లాగాల్నా?"

అప్పటిదాకా నవ్వుకుని వదిలేసినవాణ్ని, ఇక కూర్చుని రాస్తున్నా. హైదరాబాద్ శివార్లలో మెడికల్ ట్యూబులు తీసే ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పని చేసి హనుమకొండకు తిరిగొచ్చినవాణ్ని. ఎక్స్‌ట్రూడర్ అనే, ప్లాస్టిక్ కరిగించి ట్యూబుగా తీసే మిషను ముందు నిలబడి చేతులు కాల్చుకున్న అనుభవం ఆ మెసేజ్ రాసినవాడికి లేదని మొదటి లైనులోనే తెలిసిపోతుంది.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది ఇదీ: "ఆసుపత్రి పైపులన్నీ ఒకటే ప్లాస్టిక్, రేట్ల తేడా అంతా కమీషన్. మెత్తటి పైపు నాసిరకం, గట్టిదే అడగండి. పైపు చివర నారింజ రంగు విషం. జెల్లీ బదులు కొబ్బరినూనె వాడండి, తీసేటప్పుడు కూడా నూనె రాసి మెల్లగా లాగండి. అవసరం లేకున్నా రోజుల తరబడి పైపు ఉంచుతారు, జాగ్రత్త. పది మందికి పంపండి."

రంగు సంగతి ముందు తేల్చేద్దాం. అది సైజు గుర్తు. ఆకుపచ్చ అంటే 14, నారింజ అంటే 16, ఎరుపు అంటే 18. ఆ అంకెను మూడుతో భాగిస్తే పైపు బయటి వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. విషం లేదు, లెక్క ఉంది.

"గట్టిదే మంచిది" అన్నది కాస్త ఆలోచించదగ్గ పొరపాటు. చాలామందికి బలం అంటే గట్టితనమే. గట్టి పైపు వంగే చోట మడత పడుతుంది. పొలంలో పాత నల్లపైపు ఎండకు బిరుసెక్కి మలుపులో నొక్కుకుపోతే నీళ్లు ఎట్లా ఆగుతాయో రైతుకు చెప్పక్కర్లేదు. మందు కొట్టే స్ప్రేయర్ పైపును అడ్డంగా కోసి చూడండి. రబ్బరు మధ్యలో దారం అల్లి ఉంటుంది. మెత్తదనం రబ్బరుది, బలం దారానిది. గుండె పరీక్షకు రక్తనాళంలోంచి పంపే ట్యూబు గోడలోనూ అదే ఉపాయం. లోపల పల్చని టెఫ్లాన్ పొర, దాని మీద వెంట్రుకంత సన్నటి స్టీలు తీగల అల్లిక, ఆపైన ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు కూడా డాక్టరు పట్టుకునే వైపు గట్టిగా, కొస దగ్గర మెత్తగా ఉండేలా ముక్కలు ముక్కలుగా అతుకుతారు. కొత్తవాడలో జంపఖానా నేసేవాళ్లకు ఈ తీగల అల్లిక చూపిస్తే, మగ్గం ఏదని అడుగుతారేమో.

అంత జారుడు ఉన్న టెఫ్లాన్‌తోనే ట్యూబంతా చేయొచ్చు కదా అని మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడూ అడిగేవాడు. చేయొచ్చు, కానీ అది బిరుసు. మెత్తటి రబ్బరేమో ఒంటికి అతుక్కుంటుంది. అందుకే కొన్ని పైపుల మీద హైడ్రోజెల్ పూత వేస్తారు. సబ్జా గింజలు నానబెట్టినప్పుడు చూశారా? పొడిగా ఉన్నప్పుడు గరుకు, నీళ్లు తాగాక వేళ్ల మధ్య నిలవవు. ఆ పూతా అంతే. చేతికి పెట్టే సలైన్ సూది తొడుగు పాలీయురితేన్‌దైతే, గుచ్చేటప్పుడు బిరుసుగా ఉండి, ఒంటి వేడికి మెత్తబడుతుంది.

"అన్నీ ఒకటే ప్లాస్టిక్" అన్నవాడు పసుపు లాటెక్స్ పైపునూ పారదర్శక సిలికాన్ పైపునూ పక్కపక్కన పెట్టి చూడలేదు. సిలికాన్ గోడ పల్చగా తీయొచ్చు. బయటి సైజు ఒకటే అయినా లోపలి దారి పెద్దది. అది చిన్న విషయం కాదు. లోపలి వ్యాసం సగమైతే, ఒత్తిడి అంతే ఉన్నా ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. సిలికాన్‌కూ లోపాలున్నాయి. ఒక్క గాటు పడితే సర్రున చిరుగుతుంది, పైపును లోపల ఆపి ఉంచే దాని బెలూన్‌లోని నీళ్లు కూడా నెమ్మదిగా తగ్గిపోతుంటాయి.

ఇప్పుడు నూనె. ఇక్కడే నాకు ఓపిక పోయింది. మన దగ్గర మామూలుగా పెట్టే పసుపు పైపు లాటెక్స్‌ది, అంటే చెట్టు పాలతో చేసిన రబ్బరు. పైన సిలికాన్ పూత ఉన్నా లోపల రబ్బరే. రబ్బరుకు నూనె పడదు. నూనెను పీల్చుకుని ఉబ్బి సత్తువ కోల్పోతుంది. నమ్మకపోతే నేను చేసింది చేయండి. లాటెక్స్ గ్లవుజు వేళ్లు రెండు కత్తిరించి, ఒకటి నీళ్లలో, ఒకటి కొబ్బరినూనెలో వేసి రాత్రంతా ఉంచా. పొద్దున నూనెలోది వెడల్పై, జీవం లేనట్టు వేలాడింది. రెండు చేతులతో లాగితే చిరిగింది. నీళ్లలోది లాగితే సాగి వెనక్కి వచ్చింది. మూత్రాశయంలో పైపును ఆపి ఉంచే బెలూన్ ఆ రబ్బరుదే. అది లోపల పగిలి ముక్క మిగిలితే తీసేదెవరు, మెసేజ్ అడ్మినా?

పైగా వంటింటి సీసాలో నూనె శుద్ధి చేసింది కాదు, మూత్రాశయంలోకి సూక్ష్మజీవులను మనమే పిలిచినట్టు. డిసెంబర్‌లో అది సీసాలోనే గడ్డకడుతుంది, అప్పుడేం చేయాలో రాయలేదు. వాడాల్సింది నీటితో చేసిన జెల్లీ. పెట్టేటప్పుడు వాడేదానిలో సాధారణంగా మంట తెలియకుండా లిగ్నోకెయిన్ కూడా ఉంటుంది.

ఇక లాగడం. చిన్నాయనది 16 సైజు, అంటే 5.3 మిల్లీమీటర్లు, శనగ గింజంత దారి. లోపలి బెలూన్‌లో 10 మిల్లీలీటర్ల నీళ్లున్నాయి, చిన్న నిమ్మకాయంత. ఆ నిమ్మకాయను ఆ దారిలోంచి నూనె రాసి "మెల్లగా" లాగమంటున్నారు. లోపల చీరుకుపోయి నెత్తురు కారుతుంది, మానిన చోట దారి బిగుసుకుపోతుంది. ముందు రంగు మూత ఉన్న వాల్వుకు సిరంజి పెట్టి నీళ్లన్నీ తీయాలి, ఎన్ని పోశారో అన్నీ వచ్చాయో లేదో చూడాలి. రాకపోతే నర్సును పిలవాలి. పైపును కత్తెరతో కోయొద్దు. చిన్నమ్మకు ఇదంతా చెప్పి, నూనె తలకు పెట్టుకొమ్మన్నా.

కమీషన్ మాట అబద్ధమని నేననను. పైపు మీద వేసిన ధరకూ, షాపువాడు కొన్న ధరకూ మధ్య ఎంత దూరముంటుందో సరుకు పంపినవాణ్ని, నాకు తెలుసు. ఖరీదైనదల్లా మేలనీ కాదు. వెండి పూత పైపులతో ఇన్ఫెక్షన్ తగ్గుతుందని చాలాకాలం అమ్మారు. 2012లో బ్రిటన్‌లో సుమారు 7 వేల మంది రోగులతో జరిగిన పరిశోధన ఫలితాలు వస్తే, కొద్దిరోజులు పైపు పెట్టేవాళ్లకు దానివల్ల ఒరిగిందేమీ లేదని తేలింది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. "అవసరం లేకున్నా రోజుల తరబడి ఉంచుతారు" అన్న లైను నిజం. ఏ పదార్థంతో చేసినా పైపు లోపలున్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. చిన్నాయనకు పెట్టి పందొమ్మిది రోజులైంది, ఇంకా ఎందుకని మేమెవ్వరం అడగలేదు, నాతో సహా. ఆ లైను చదివాకే డాక్టరును అడిగా. ఆయన కేసు షీటు చూసి, "తీసి చూద్దాం" అన్నారు. నిన్న పొద్దున సిరంజితో పది మిల్లీలీటర్లూ తీసి, పైపు తీశారు. సాయంత్రం నాలుగింటికి చిన్నాయన తనంతట తానే మూత్రానికి వెళ్లాడు.

బావా, ఆ ఒక్క లైను ఉంచి మిగతాది డిలీట్ చెయ్.