వింతగా ఉంటే సరిపోదు, యంత్రం సాక్ష్యం చెప్పాలి

చెడిపోయిన నాణేలను టంకశాల పొరపాట్లుగా అంటగట్టే వ్యాపారం వీడియోల పుణ్యమా అని ఏ స్థాయికి చేరిందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్షరం చెదిరినా, అంచు నలిగినా, రంగు మారినా అది అరుదైన నాణెమే అన్న ప్రచారం జోరుగా సాగుతోంది. దీనికి మోసగాళ్ల తెలివితేటలను నిందించడం సులువే గానీ, అసలు లోపం కొనేవారు వేసుకుంటున్న ప్రశ్నలో ఉంది. నాణెం ఎంత వింతగా ఉందని ఆలోచించినంత కాలం జవాబు అమ్మేవాడి నోటి నుంచే వస్తుంది. ఈ వింత తయారీలో ఏ దశలో జరగడానికి వీలుందని ఆలోచిస్తే జవాబు లోహం మీదే దొరుకుతుంది. ఆ దశ ఏదో చెప్పలేని నాణేన్ని, అది ఎంత అందంగా వంకర తిరిగి ఉన్నా, దెబ్బతిన్న నాణెంగానే లెక్కగట్టాలి.

ఆ దశలు కొన్నే. ముందు డైలు, అంటే నాణెం మీద బొమ్మను, అక్షరాలను దించే ఉక్కు అచ్చులు, తయారవుతాయి. లోహపు పట్టీ నుంచి గుండ్రటి బిళ్లలను కోస్తారు, ఒక యంత్రం వాటి చుట్టూ ఒత్తి అంచును కాస్త పైకి లేపుతుంది, ఆపైన కాలర్ అనే ఉక్కు వలయంలో రెండు డైల మధ్య ముద్ర పడుతుంది. ముద్ర వేసే ఆ ప్రెస్సు వదిలాక నాణేనికి జరిగేదంతా, అది సుత్తి దెబ్బైనా, ఆమ్లమైనా, బట్టలారబెట్టే యంత్రంలో చిక్కుకుని దొర్లడమైనా, నష్టమే.

నెలవంక మేర అంచు కొరికినట్టున్న నాణేన్ని తీసుకుందాం. పట్టీ సరిగా ముందుకు జరగనప్పుడు కోత పరికరం అంతకుముందు చేసిన రంధ్రం మీదకు కొంత వచ్చి పడుతుంది, బిళ్ల ఒక పక్క లోటుతోనే పుడుతుంది. ఆసక్తికరమైన సాక్ష్యం ఆ లోటు దగ్గర ఉండదు, సరిగ్గా దాని ఎదుటి వైపున ఉంటుంది. అంచు లేపే యంత్రం బిళ్లను రెండు వైపుల నుంచి ఒత్తుతూ దొర్లిస్తుంది. ఒక వైపు లోహమే లేకపోతే ఎదుటి వైపు కూడా ఒత్తిడి అందదు కాబట్టి అక్కడ అంచు పలచబడుతుంది, కొన్నిసార్లు పూర్తిగా మాయమవుతుంది. దీన్నే బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. ఇది ప్రతి నాణెం మీదా ఒకే స్పష్టతతో కనిపించదన్నది నిజమే. అయితే ఆకురాయి పట్టినవాడు కొరికిన చోటును ఎంత నున్నగా తీర్చిదిద్దినా, ఎదుటి అంచును నిండుగా వదిలేస్తాడు. పైగా అసలైన దానిలో ముద్ర పడేటప్పుడు అడ్డులేని లోహం ఖాళీ వైపు జారుతుంది కనుక ఆ పక్క అక్షరాలు సాగి మసకబారతాయి, కోసిన నాణెంలో అవి పరికరం తగిలిన చోట టక్కున తెగిపోతాయి.

జంట ముద్రల దగ్గర గందరగోళం మరీ ఎక్కువ. 1955 నాటి అమెరికా లింకన్ సెంటు ఒక రకంలో సంవత్సరం, అక్షరాలు కంటికి నేరుగానే రెండేసిగా కనిపిస్తాయి. డైని తయారుచేసేటప్పుడే దాని మీద బొమ్మ రెండోసారి కాస్త ఎడంగా దిగడం దీనికి కారణం. అందుకే రెండు ఆకారాలూ నిండుగా లేచి ఉంటాయి, అక్షరం వెడల్పు పెరుగుతుంది, ఆ డై నుంచి వచ్చిన ప్రతి నాణెమూ అదే లోపాన్ని అదే చోట మోస్తుంది. వీడియోలలో ఊదరగొట్టేవి చాలావరకు, వదులైన డై ముద్ర వేసిన క్షణంలోనే కదిలి అక్షరం పక్కను చెక్కేసినవి. అక్కడ రెండో గీత మెట్టులా చదునుగా ఉంటుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. ఇదీ ప్రెస్సులో జరిగినదే కాబట్టి దాన్ని నకిలీ అనలేం. కానీ అది సర్వసాధారణం, సేకర్తలు దానికి చెప్పుకోదగ్గ విలువ ఇవ్వరు.

లోపం డై మీద పుట్టిందా, నాణెం మీద పుట్టిందా అన్న తేడా 1937లో డెన్వర్ టంకశాల ముద్రించిన మూడు కాళ్ల బఫెలో నికెల్‌లో, అంటే దున్న బొమ్మ ఉన్న అమెరికా ఐదు సెంట్ల నాణెంలో, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డైని అతిగా నునుపు చేయడంతో దున్న ముందుకాలు ఒకటి చెరిగిపోయింది. మామూలు నాణెం మీద కాలు గీకేసి దీన్ని అనుకరించినవారు ఉన్నారు. అసలైన దానిలో పొట్ట కింది నుంచి నేల దాకా సన్నటి ఉబ్బెత్తు చుక్కలు ఉంటాయి, వెనక కాలు పురుగు తిన్నట్టుంటుంది. గీకితే లోహం పోతుందే తప్ప కొత్తగా ఉబ్బు పుట్టదు.

తూకం, అయస్కాంతం ఉంటే చాలనేవారికి 1943 సెంటు మంచి జవాబు. ఆ ఏడాది సెంట్లు జింకు పూసిన ఉక్కుతో 2.70 గ్రాముల బరువున వచ్చాయి, కొన్నింటి ముద్ర మాత్రం పొరపాటున 3.11 గ్రాముల కంచు బిళ్లల మీద పడింది. కంచుదిగా చూపడానికి ఉక్కు నాణేనికి రాగి పూత పూస్తే అయస్కాంతం పట్టేస్తుంది. 1948 నాటి కంచు సెంటులో 8ని చెక్కి 3గా మారిస్తే అయస్కాంతమూ పట్టదు, తూకమూ సరిపోతుంది. అప్పుడు చూడాల్సింది 3 అంకె తోకను. అసలు 1943లో అది పక్క అంకెల కంటే కిందికి దిగి ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకు, నాణేలను పరిశీలించి ధ్రువీకరించే గ్రేడింగ్ సంస్థలకు పంపితే తేల్చేస్తాయి కదా అన్నది ఎదుటి వాదన. ఖరీదైన నాణేనికి ఆ ధ్రువీకరణ అవసరమే. కానీ ఏది పంపాలో, ఏది మామూలు చిల్లరగా ఖర్చుపెట్టేయాలో ముందుగా నిర్ణయించాల్సింది చేతిలో నాణెం ఉన్నవారే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నాణేల కంటే పెద్ద విషయం. యంత్రాలు చేసిన వస్తువుల మధ్య బతుకుతూ, అవి ఎలా తయారవుతాయో తెలియకపోవడాన్ని చదువుకున్నవారి హోదాగా మార్చుకున్నాం. ఒత్తిడి పాఠాన్ని పరీక్షలో పొల్లుపోకుండా రాసినవారే, సుత్తితో చదును చేసిన నాణేన్ని కాలర్ లేకుండా ముద్ర పడినదని నమ్ముతున్నారు. కాలర్ లేనప్పుడు నాణెం వెడల్పుగా సాగినా రెండు వైపులా అక్షరాలు లేచే ఉంటాయి, సుత్తి కింద అవి అణగిపోతాయి.

రెండు వైపులా తలబొమ్మ ఉన్న నాణేలు ఇంకా అమ్ముడవుతున్నది ఈ అజ్ఞానం వల్లనే. ఒక నాణేన్ని లోపల తొలిచి, అరగదీసిన మరొకదాన్ని అందులో బిగించి చేసే ఆ గారడీ సరుకులో అతుకు సాధారణంగా అంచు లోపలి గీత వెంబడి దాక్కుంటుంది. బ్రిటన్‌లో 2008లో సంవత్సరమే లేని 20 పెన్స్ నాణేలు బయటికొచ్చాయి. కొత్త డిజైన్‌లో సంవత్సరాన్ని వెనక వైపు నుంచి తల వైపుకు మార్చారు, పాత తల డైకి కొత్త వెనక డై జతపడటంతో అది రెండు వైపులా లేకుండా పోయింది. కలవకూడని వైపులు కలిశాయన్నదే రెండు చోట్లా వాదన. 20 పెన్స్ నాణేనికి ఏ డై దేనితో ఎందుకు కలిసిందో రెండు ముక్కల్లో చెప్పవచ్చు, రెండు తలబొమ్మల నాణేన్ని అమ్మేవారిని ముందు ఆ రెండు ముక్కలు చెప్పమనాలి.