పేగుబంధం కన్నా గట్టిది ఫీజుబంధం

మధ్యలో వదిలేసినోణ్ని తిట్టడానికి మన దగ్గర మాటలకు కొదవ లేదు. ఆరంభశూరుడు, నిలకడ లేనోడు, వీడిదంతా మూణ్ణాళ్ల ముచ్చట. అదే తనకు ఏమాత్రం సరిపడని చదువునో కొలువునో పట్టుకుని ఏళ్ల తరబడి వేలాడేవాణ్ని ఏమంటాం? పట్టుదల ఉన్నోడు అంటాం. అది పొగడ్త. నా కడుపుమంటంతా అక్కడే.

అందుకే హన్మకొండలో మా చాయ్ బ్యాచ్ ఈ లోటు తీర్చే పని పెట్టుకుంది. పొద్దుగూకితే చాలు, కొత్త మాటలు పుడుతున్నయ్. మొదట పుట్టింది ‘ఫీజుబంధం’. తల్లీబిడ్డలది పేగుబంధమైతే, పిల్లాడికీ వాడికి నచ్చని కోర్సుకూ మధ్య ఉండేది ఫీజుబంధం. పేగును పుట్టిన రోజే కోస్తారు. దీన్ని కోసే మంత్రసాని మాత్రం ఇంతవరకు పుట్టలేదు. “రెండేండ్ల ఫీజు కట్టినంరా, ఇప్పుడు బంద్ చేస్తే పైసలన్నీ ఏమైతయ్?” అంటాడు తండ్రి. ఏమీ కావు. అవి ఎప్పుడో పోయినయ్. మిగిలిన రెండేళ్ల ఫీజు కూడా కడితే అవి కూడా పోతయ్, అంతే.

తర్వాతిది ‘బీటెక్కడం’. చెట్టెక్కినోడు దిగొచ్చు, గుట్టెక్కినోడు దిగొచ్చు, బీటెక్కినోడు దిగలేడు. ఇందులో పిల్లల తప్పు కన్నా మా ఊరి చరిత్ర తప్పే ఎక్కువ. 1959లోనే ఇంజినీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీకి (ఇప్పటి ఎన్‌ఐటీకి) నెహ్రూ పునాదిరాయి వేశారు, అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైంది. ఒకే సంవత్సరం ఇద్దరు దేవుళ్లు దిగిన ఊరు మాది. అప్పటి నుంచి ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ ఇద్దరిలో ఒకరికి మొక్కు రాసిపెట్టే ఉంటుంది. బొమ్మలు గీసేవాడైనా సరే, బేరాలాడటంలో దిట్టైన పిల్లైనా సరే, ముందు ఎంపీసీనా బైపీసీనా చెప్పమంటాం. ఎక్కించేదాకా నిచ్చెన పట్టుకుని నిలబడేవాడికి కూడా మాట పెట్టాం: ‘సలహామామ’. వీడు మేనమామే కానక్కర్లేదు, కాజీపేట రైల్లో పక్క సీటోడైనా కావచ్చు.

‘ఇంతదాకవ్రతం’ నాకు అన్నిటికన్నా ఇష్టం. “ఇంతదాక వచ్చినం గదా” అనేది దీని మూలమంత్రం. ఇదేదో మన తెలుగోళ్ల జబ్బే అనుకోకండి. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు దీని మీద ఒక పరిశోధన అచ్చువేశారు. నాటకాల సీజన్ టికెట్లు కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మి చూశారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినోళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకం అందరికీ ఒకటే, తేడా జేబులోంచి పోయిన పైసల్లోనే. ఇంగ్లీషోళ్లు ఈ రోగానికి కాంకార్డ్ విమానం పేరు పెట్టుకున్నారు. లాభం రాదని తెలిసినా బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు దాని మీద డబ్బు పోస్తూనే పోయాయి మరి. వాళ్లకు పేరు పెట్టుకోవడానికి విమానమైనా ఉంది. మాకు మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉంది, విమానం కోసం ఇంకా చూస్తున్నాం. కాబట్టి వ్రతమే మేలనుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మా చిన్నమ్మ కొడుకు ఒకడున్నాడు. వాళ్లకు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి, అంటే రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే దుకాణం ఉంది. వీడు మిర్చిని చేతిలోకి తీసుకుని పిసికి తేమ చెప్పేస్తాడు. తేజ రకం మిర్చికి ఏ రోజు ఏ ధర పలుకుతుందో, ఏ వ్యాపారి ఎక్కడ తగ్గుతాడో వీడికి తెలుసు. కారం తక్కువా రంగు ఎక్కువా ఉండే మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర వచ్చినప్పుడు, దాన్ని ఎవరికి ఎట్లా అమ్మాలో గంటసేపు చెప్పాడు, నేను నోరు తెరుచుకుని విన్నా. అట్లాంటోడు సీజన్‌లో పొద్దున్నే మార్కెట్‌కు పోయి, మధ్యాహ్నం నుంచి గదిలో తలుపేసుకుని గ్రూప్-1 కోసం పంచవర్ష ప్రణాళికలు బట్టీ పడతాడు. వాడికి ఆ చదువంటే ఇష్టం లేదు, ఆఫీసు పనంటే అసలే పడదు. నాతోనే చాలాసార్లు అన్నాడు.

మరి ఎందుకు మానడు అంటే, ఎవరూ వాడికి ‘కాదు’ అని చెప్పలేదు. ఇది చాలామందికి అర్థం కాని విషయం. 2022లో తెలంగాణలో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. గ్రూప్-2 సంగతీ అంతే, 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇస్తే పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. శుభ్రంగా ఫెయిలైతే మనిషి రెండు రోజులు ఏడ్చి మూడో రోజు వేరే దారి చూసుకుంటాడు. రద్దయిన పరీక్ష ఫెయిల్ కాదు, పాస్ కాదు. అది మనిషిని ఎటూ పోనివ్వదు.

ఆ తమ్ముడే ఒకరోజు చాయ్ తాగుతూ, “అన్నా, నేను నోటిఫికాపరిని” అన్నాడు. గొర్లకాపరి గొర్లను కాస్తాడు, వీడు నోటిఫికేషన్‌ను కాస్తున్నాడు. మేం పడీ పడీ నవ్వాం. వాడు మాకన్నా ఎక్కువ నవ్వాడు. వయోపరిమితి దాటే ముందు రాసే చివరి పరీక్షకు ‘దింపుడుకళ్లం అటెంప్ట్’ అని కూడా వాడే పేరు పెట్టాడు. చెవిలో పిలిస్తే లేస్తాడేమోనన్న ఆశ. అయితే మన రాష్ట్రంలో ఆ వయసును ముందు 44కు, 2024లో 46కు పెంచారు, యూనిఫాం కొలువులకు తప్ప. “కళ్లాన్నే ఇంకాస్త దూరం జరిపిండ్రన్నా” అన్నాడు వాడు. పెంచడం తప్పని నేననను. ఏళ్లకేళ్లు నోటిఫికేషన్లు రాకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? కానీ పాడె మోసేవాళ్లకు నడక పెరిగిన మాట నిజం.

“నిరుద్యోగుల మీద జోకులేస్తావా?” అని కొందరు నా మీదికొచ్చారు. వాట్సాప్‌లో తిరిగే జోకులు నాక్కూడా మంటే, అవి దూరం నుంచి వేసే రాళ్లు. ఒక మాట పనికొస్తుందో లేదో తేల్చడానికి మేం పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఆ మాటను అనిపించుకునేవాడు తన గురించి తానే నవ్వుతూ చెప్పుకోగలగాలి. పెళ్లిలో “ఏం చేస్తున్నవ్ బిడ్డా?” అని అడుగుతారు. “ప్రిపేర్ అవుతున్న” అంటే గౌరవమైన జవాబే, కానీ అది రేపూ అదే, ఎల్లుండీ అదే. “నోటిఫికాపరిని పెద్దమ్మా, ఇంకో ఏడాది కాసి గొర్రెలు అమ్ముకుంటా” అన్నాడట మావాడు. ఆమె నవ్విందట, అడ్తి సంగతి అడిగిందట. అట్లా అడిగిన మొదటి మనిషి ఆమేనట.

అదృష్టం ఎప్పుడొస్తుందా అని ప్రతిసారీ “ఇంకోసారి రాస్త” అనేవాళ్ల పేరు ‘ఇంకోసారయ్య’. మా జిల్లాలో సారయ్య పేరు గల పెద్దమనుషులు చాలామంది ఉన్నారు, వాళ్లు క్షమించాలి.

మా బ్యాచ్‌లో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల వీటన్నిటికీ పెదవి విరిచింది. “మీవన్నీ మగోళ్ల మాటలు. నాకు ఈ పరీక్ష రాదని తెలుసు, ఇష్టమూ లేదు. కానీ కోచింగ్‌లో ఉన్నంత కాలం ఇంట్లో సంబంధాలు చూడరు. నాది గొడుగు కోచింగ్” అంది. దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆమె విషయంలో సరిపడని ప్లాన్ కోచింగా, పెళ్లా అని తేలలేదు. గొడుగు మూయమని ఆమెకు చెప్పే హక్కు మాలో ఎవరికీ లేదని మాత్రం ఒప్పుకున్నాం.

ఇంకా దొరకని మాట ఒకటుంది. వదిలేసి, ఇష్టమైన పనిలో పడి, కాస్త కుదురుకున్నవాణ్ని ఏమనాలి? ‘దిగినోడు’ అంటే ఓడినట్టుంది. ‘తెగించినోడు’ అంటే మరీ వీరుడైపోతున్నాడు. మావాడికి త్వరలో ఆ మాట అవసరం పడేటట్టుంది, ఈసారి మిర్చి సీజన్‌కు సొంతంగా చపాటా కొని మహారాష్ట్రకు పంపుతానంటున్నాడు. మీకు తట్టితే రాయండి.