‘క్రమంగా’ గారికి విన్నపం

క్రమంగా గారికి,

నల్గొండ నుంచి నమస్కారం. మీరు బాగానే ఉంటారు, మాకు తెలుసు. మొన్న మా వీధి మోరీ సంగతి అడుగుదామని పోతే, సారు కంటే ముందు మీరే ఎదురొచ్చారు: ‘క్రమంగా చేపడతాం.’ పక్కన మీ తమ్ముడు ‘దశలవారీగా’ కూడా ఉన్నాడు. మొదటి దశలో మోరీ తవ్వారు. రెండో దశలో మా బావమరిది బండితో సహా అందులో పడ్డాడు. మూడో దశకు నిధులు రావాలట.

మీ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం వెతికాను. సంస్కృతంలో ‘క్రమ్’ అంటే అడుగు వేయడమట. అంటే ఆ త్రివిక్రముడిదీ మీ వంశమే! ఆయన రెండడుగుల్లో భూమీ ఆకాశమూ కొలిచేసి, మూడోది ఎక్కడ పెట్టాలని అడిగాడు. ‘ప్రతిపాదనలు పంపాం’ అనలేదు.

మీ చుట్టాల్లో బాగా చురుకైనది ఆక్రమణ. మా చెరువు శిఖం భూమిలో ముందు కంచె, తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత రెండంతస్తుల స్లాబు. ఏ దశకూ నిధుల కొరత రాలేదు. ఆఖరికి మీ పెద్దాయన క్రమబద్ధీకరణ వచ్చి అక్షింతలు వేసి పోయాడు.

మా నీళ్లలోని ఫ్లోరైడ్ విషయంలో మాత్రం మిమ్మల్ని తప్పుపట్టలేను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్లతరబడి తాగితే ఏమవుతుందో మర్రిగూడ వైపు ఎవరినడిగినా చెబుతారు. మా మేనత్తకు చిన్నప్పుడే పళ్ల మీద గోధుమరంగు గార. తర్వాత మోకాళ్లు పట్టేశాయి. తర్వాత నడుం వంగిపోయింది. ఒక్క దశ కూడా వాయిదా పడలేదు.

ఆ నీళ్లను శుద్ధిచేయడానికి నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు కనిపెట్టిన దానికి నల్గొండ పద్ధతి అనే పేరు. సున్నం, పటిక వేసి కలపాలి, తేటపడనివ్వాలి, వడగట్టాలి. అక్కడా అంచెలంచెలే, కానీ గంటల్లో అయిపోతుంది. మా ఊరి పేరు టాంజానియా దాకా పోయింది. మంచినీళ్లు మా అత్త ఇంటికొచ్చేసరికి ఆమె బిందె ఎత్తలేని స్థితిలో ఉంది.

వచ్చే వారం వార్డు సభ ఉంది. మిమ్మల్ని రావద్దనను. వచ్చేటప్పుడు ఒంటరిగా కాకుండా ఒక తేదీని వెంటబెట్టుకొని రండి. మీకు వీలుకాకపోతే ఆక్రమణను పంపండి. సాయంత్రానికల్లా మోరీ మీద స్లాబు పోసి పోతుంది.

ఇట్లు,
మూడో దశ కోసం చూస్తున్న
మీ విధేయుడు