సవరణ: లాంటానాను నరికి కాల్చితే సరిపోదు

బెంగళూరులో బన్నేరుఘట్ట అడవి అంచున ఉంటున్న తెలుగువారి కోసం గత వారం రాసిన టపాలో, లాంటానాను, అంటే మనవైపు తలంబ్రాల చెట్టు అని పిలిచే పొదను, నేలమట్టంగా నరికి నిప్పు పెడితే ఒక్క వేసవిలో పీడ విరగడవుతుందని చెప్పాను. అది తప్పు. నా మాట నమ్మి కొడవలి పట్టినవారు నన్ను క్షమించాలి.

నరికినా, కాల్చినా మొదలు చావదు, తొలి వానకే చిగురిస్తుంది. మా ప్రహరీ వెనుక మసిబారిన ఒక్క మోడు చుట్టూ నిన్న పదకొండు పిలకలు లెక్కపెట్టాను. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతిలో, గడ్డపారతో మట్టి తొలిచి, నేలకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద తల్లివేరును తెంపి, పొదను తలకిందులుగా పడేసి ఎండనిస్తారు. చాకిరీ ఎక్కువే, అయినా నాకు నమ్మకం కుదిరింది దీని మీదే.

లాంటానాను తినే పురుగులను వదిలితే చాలునని నేనన్న మాటనూ వెనక్కి తీసుకుంటున్నాను: 1941లో దేశంలోకి తెచ్చిన టెలియోనీమియా అనే, రసం పీల్చే నల్లి జాతి పురుగు ఆకులను రాల్చగలిగింది కానీ పొదను చంపలేకపోయింది. పికిలిపిట్టలు పండ్లు తిని విత్తనాలు చల్లుతూనే ఉంటాయి కనుక, కొత్త మొలకలను ఏటా వానల్లో మట్టి మెత్తగా ఉండగానే పీకి, ఖాళీ అయిన చోట స్థానిక గడ్డినీ చెట్లనూ పెంచాలి. అడవి హద్దు లోపల మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఏ పొదనూ ముట్టుకోకండి.