రెండు మూతల బలం

తిరుపతి గాంధీ రోడ్డులో ఏ మందుల షాపు ముందైనా సాయంత్రం పూట కాసేపు నిలబడండి. "అన్నా, ఒంట్లో సత్తువ లేదు, మంచి టానిక్కు ఒకటి ఇవ్వు" అనే మాట వినిపించి తీరుతుంది. షాపులోని మనిషి వెనక్కి తిరగకుండానే చేయి చాపుతాడు. సీసా చేతికి అందే అరలోనే ఉంటుంది. జ్వరానికి మాత్ర అడిగిన వాళ్లను ఎన్ని రోజుల నుంచి అని అడిగే మనిషే, టానిక్కు అడిగిన వాళ్లను చిన్నదా పెద్దదా అని మాత్రం అడుగుతాడు.

ఈ సీసాను పూర్తిగా కొట్టిపారేయడం నాకు చేతకాదు. డెంగీ తగ్గాక మూడు వారాలు మేడ మెట్లు ఎక్కలేక అవస్థ పడినప్పుడు నేనూ పూటకు రెండు మూతల చొప్పున తాగాను. నెల తిరిగేసరికి కోలుకున్నాను, టానిక్కు చలవేనని పదిమందికి చెప్పాను కూడా. ఆ నెలంతా ఇంట్లోవాళ్లు నాకు వేళకు అన్నం పెట్టారు, రాత్రి తొమ్మిదికే దీపం ఆర్పేశారు, ఆఫీసు మాట ఎత్తనివ్వలేదు. సీసా లేకపోయినా లేచి తిరిగేదాన్నే. అయితే భోజనం తరువాత తాగమని రాసి ఉండటం వల్ల, ఆకలి లేని రోజుల్లో కూడా నాలుగు ముద్దలు తిన్నమాట వాస్తవం. టానిక్కు సుగుణాల్లో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునేది ఇదే. ఇనుము మాత్ర పడక మలబద్ధకంతో బాధపడే కొందరికి అదే ఇనుము సిరప్పుగా ఇస్తే సులువుగా తాగుతారు. అదీ ఒప్పుకుంటాను.

ఇలా పేరు చెప్పి అమ్మే సీసా మందులను పేటెంటు మందులు అంటారు. ఆ పేరులోనే ఒక తమాషా ఉంది. ఒకప్పుడు ఇంగ్లండు రాజు ఇచ్చే హక్కుపత్రాల నుంచి ఆ పేరు వచ్చింది. కానీ ఆ పేరుతో అమ్ముడైన వాటిలో చాలావాటికి పేటెంటే లేదు. పేటెంటు కావాలంటే సీసాలో ఏముందో బయటపెట్టాలి మరి. అందుకని పేరు మీద, లేబుల్ బొమ్మ మీద హక్కు సంపాదించి, లోపలి సరుకును రహస్యంగా ఉంచారు.

ఈ వ్యాపారం లోగుట్టు తెలియాలంటే హాడకాల్ కథ వినాలి. అమెరికాలోని లూసియానాలో రాష్ట్ర సెనేటరుగా ఉన్న డడ్లీ లెబ్లాంక్ 1940లలో ఈ టానిక్కును మార్కెట్లోకి తెచ్చాడు. అందులో బి విటమిన్లు, కొన్ని ఖనిజాలు, 12 శాతం ఆల్కహాలు ఉండేవి. ఆల్కహాలు మందు చెడిపోకుండా ఉండటానికేనని చెప్పేవారు. సారా దుకాణాలు లేని ఊళ్లలో దానికి గిరాకీ ఎందుకు పెరిగిందో ఊహించడం కష్టం కాదు. సినిమా తారలతో ఊరూరా ప్రదర్శనలు పెట్టి, టిక్కెట్టుకు బదులు హాడకాల్ పెట్టెల మూతలు తెమ్మన్నారు. హాడకాల్ దేనికి పనికొస్తుందని ఒక హాస్యనటుడు అడిగితే, కిందటేడు నాకు యాభై అయిదు లక్షల డాలర్లకు పనికొచ్చిందని లెబ్లాంక్ జవాబిచ్చాడు. అంత నిజాయితీ గల ప్రకటన టానిక్కుల చరిత్రలో మరొకటి నాకు కనిపించలేదు. 1951లో ఆ వ్యాపారం కుప్పకూలింది.

మన ఆయుర్వేదంలో అరిష్టాలు, ఆసవాలు అనే ద్రవ మందులు కూడా పులియబెట్టి చేసేవే. వాటిలో తనంతట తాను పుట్టే ఆల్కహాలు 12 శాతం దాటకూడదని నిబంధన. అంతమాత్రాన అవి మోసమని అనలేను. తిరుపతిలోనే టీటీడీ ఆయుర్వేద కళాశాల, ఆస్పత్రి ఉన్నాయి. అనుభవం ఉన్న వైద్యుడు ద్రాక్షారిష్టం రాసే ముందు నాడి చూస్తాడు, నిద్ర, ఆకలి, విరేచనం గురించి అడుగుతాడు. షాపులో కొన్న సీసాకు ఆ గొడవేదీ లేదు. కొన్ని ఆకలి సిరప్పుల్లో సైప్రోహెప్టడైన్ ఉంటుంది. అది ఎలర్జీకి వాడే మందు. ఆకలితో పాటు మత్తునూ తెస్తుంది. పిల్లవాడు బొద్దుగా అవుతున్నాడని తల్లి మురిసిపోతుంది, బడిలో కునుకుతున్నాడని మాస్టారు విసుక్కుంటాడు.

చట్టం లేకపోలేదు. ఫలానా జబ్బులను నయం చేస్తామంటూ ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 చట్టం నిషేధించింది. కానీ 'బలం', 'చురుకుదనం' జబ్బుల పేర్లు కావు. పైగా సీసా వెనక 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉంటే, అది చట్టం దృష్టిలో మందే కాదు.

బలం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను మన ప్రాంతం చాలాకాలం కిందే ఎదుర్కొంది. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం, అంటే రోగులు నెలల తరబడి ఉండి కోలుకునే ఆస్పత్రి, తెరిచారు. క్షయకు మందు లేని కాలం అది. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి, అంతే వైద్యం. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం, మందులు సరిగా వాడితే ఇంట్లో ఉండి అరకొర తిండి తిన్న రోగులు కూడా శానటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా కోలుకుంటారని తేల్చింది. అలాగని తిండి అనవసరమని కాదు. జార్ఖండ్‌లో క్షయ రోగుల కుటుంబాలకు నెలనెలా తిండిగింజలు, పప్పు ఇస్తే ఇంట్లో మిగతావారికి ఆ జబ్బు సోకడం 39 శాతం తగ్గిందని 2023లో వెల్లడైంది. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, నీరసం ఉన్న మనిషికి కావలసినవి కళ్లె పరీక్ష, మాత్రలు, కంచం నిండా అన్నం. చిత్తూరు వాళ్లకు కంచం సంగతి చెప్పనక్కరలేదు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సంగటి ముద్ద, వేరుశనగ పచ్చడి ఏ టానిక్కుకూ తీసిపోవు.

ఇక మా చిన్నమ్మ సంగతి. చిత్తూరు దగ్గర పల్లెలో ఉంటుంది, నలభై ఆరేళ్లు. ఎనిమిది నెలలు టానిక్కు తాగింది. బిందె ఎత్తితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం. సీసా అయిపోగానే మరొకటి తెప్పించుకునేది. చివరికి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8. ఆడవాళ్లకు 12 ఉండాలి. గర్భసంచిలో గడ్డల వల్ల నెలనెలా పది పన్నెండు రోజులు రక్తం పోతోంది. ఆ మాట ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా కొనుక్కోగలిగిన మందు టానిక్కు ఒక్కటే కదా! ఇది ఒక్క చిన్నమ్మ కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. 60 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న ఎర్ర మాత్ర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. దానికోసం వెళితే అక్కడ నర్సు నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. చిన్నమ్మ తప్పించుకున్నది ఆ నాలుగు ప్రశ్నలనే.

ఆపరేషన్ అయి ఏడాది దాటింది. మొన్న పక్కింటామె వచ్చి, ఏ టానిక్కు తాగి ఇలా తేరుకున్నావక్కా అని అడిగిందట. చిన్నమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయి, తలుపు దగ్గరగా వేసి, నెలసరి ఎన్ని రోజులు ఉంటోందని అడిగింది.